ఆర్కిటిక్ తీర నిర్మాణశాస్త్రంలో సముద్రపు మంచు

సముద్రపు మంచు అనగా సముద్రజలం గడ్డకట్టగా ఏర్పడే మంచు. భూమి మీద కురిసిన హిమం వేల ఏళ్ళు పేరుకొని ఏర్పడే హిమానీనదాలు, వాటినుండి విరిగి సముద్రంలో పడే మంచుకొండలు దీనికంటే వేరు. ఆర్కిటిక్ మహాసముద్రంలోను, దాని అంచున ఉన్న బోఫోర్ట్, చుక్చీ, కారా తదితర సముద్రాలలోను కనిపించే మంచులో చాలా భాగం ఈ రకానిదే. ఇటువంటి మంచు ఉండే తీరాలలో రేవులు, రక్షణ గోడలు, దీపస్తంభాలు, చమురు వేదికలు, పైపులైన్లు నిర్మించే విద్యను ఆర్కిటిక్ తీర నిర్మాణశాస్త్రం అంటారు. ఇది సివిల్ ఇంజనీరింగులో ఒక చిన్న శాఖ అయినప్పటికీ భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, వాతావరణశాస్త్రం ఇందులో కలుస్తాయి. అందువలన ఈ రంగంలో ముఖ్యమైన పనులు కొన్ని డాక్టరేట్ పరిశోధనలుగా వెలువడ్డాయి.

ఈ శాస్త్రంలో ఒక చిత్రమైన చిక్కు ఉన్నది. సముద్రంలో నిలబెట్టిన కట్టడాన్ని నలగగొట్టేది మంచే. ఒడ్డును అలల దెబ్బనుండి కాపాడేదీ మంచే. ఇరవయ్యవ శతాబ్దంలో చమురు కంపెనీల అవసరాల వలన పరిశోధకులు ఎక్కువగా మొదటి విషయాన్నే పట్టించుకొన్నారు. మంచు తగ్గిపోవటం మొదలైన తరువాతనే రెండవదాని విలువ తెలియవచ్చింది.

మంచు ఏర్పడే విధం

మంచినీటి చెరువు గడ్డకట్టే తీరు వేరు, సముద్రం గడ్డకట్టే తీరు వేరు. మంచినీటికి 4° సెంటిగ్రేడ్ వద్ద గరిష్ఠ సాంద్రత ఉంటుంది. అంతకంటే చల్లబడిన నీరు తేలికై పైనే ఉండి త్వరగా గడ్డకడుతుంది. లవణీయత వెయ్యింటికి సుమారు 24.7 దాటిన నీటికి ఈ గుణం ఉండదు. అది చల్లబడేకొద్దీ బరువెక్కి కిందికి దిగుతూనే ఉంటుంది, కింది నీరు పైకి వస్తుంది. కాబట్టి ఉపరితలపు పొర అంతా సుమారు -1.8° వరకు చల్లబడితే గాని మంచు కట్టదు.

మొదట నీటిలో సన్నని పలుకులు పుడతాయి. ఇవి చేరి నూనె తెట్టులా కనిపించే పొర అవుతుంది. సముద్రం నిశ్చలంగా ఉంటే అది పలుచని పలకగా మారుతుంది. అలలు ఉంటే ఒకదానినొకటి ఒరుసుకొని అంచులు పైకి లేచిన గుండ్రని అట్లవంటి ముక్కలు ఏర్పడి, తరువాత అవి అతుక్కుపోతాయి. ఆపైన మంచు కిందివైపుకు నిలువు స్ఫటికాలుగా పెరుగుతుంది.

మంచు స్ఫటికంలో ఉప్పు ఇమడదు. గడ్డకట్టే నీరు ఉప్పును బయటకు నెట్టివేస్తుంది. ఆ ఉప్పులో కొంత సముద్రంలోకి జారిపోగా, కొంత చిక్కని ఉప్పునీరుగా స్ఫటికాల నడుమ సన్నని అరలలో చిక్కుకుపోతుంది. ఒక్క శీతాకాలంలో పెరిగిన మంచులో లవణీయత వెయ్యింటికి 4 నుండి 6 వరకు ఉంటుంది (సముద్రజలంలో 35). వేసవిని దాటుకొని మిగిలిన పాత మంచులోనుండి ఉప్పు చాలావరకు కారిపోతుంది. దాన్ని కరిగించి తాగునీరుగా వాడుకోవటం ఆర్కిటిక్ ప్రజలకు ఎప్పటినుండో తెలిసిన సంగతి. ఇంజనీరుకు ఈ పాత మంచు అంటే భయం. అది మందంగానూ, గట్టిగానూ ఉంటుంది.

మంచు మందం ఎంత వేగంగా పెరుగుతుందో ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ స్టెఫాన్ 1891లో లెక్కగట్టాడు. ఆయన ధ్రువప్రాంతానికి వెళ్ళినవాడు కాదు. అక్కడికి వెళ్ళిన నావికులు తెచ్చిన కొలతలను ఆధారం చేసుకొన్నాడు. మంచు దుప్పటివంటిది. అది మందం అయ్యేకొద్దీ కింది నీటి వేడి బయటకు పోవటం కష్టమై పెరుగుదల మందగిస్తుంది. అందువలన మందం చలి రోజుల మొత్తానికి వర్గమూలం ప్రకారం పెరుగుతుంది: చలి నాలుగు రెట్లయితే మందం రెండు రెట్లే అవుతుంది. ఒక్క శీతాకాలంలో సాధారణంగా 1.5 నుండి 2 మీటర్ల మంచు పెరుగుతుంది.

ఉప్పునీటి భాగం, మంచు బలం

సముద్రపు మంచు బలం ఎంత అనే ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానం చెప్పలేము. అది మంచులోని ఉప్పునీటి భాగంపై ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే అరల గోడలు కరిగి ఉప్పునీరు ఎక్కువవుతుంది, తగ్గితే ఆ నీటిలోనూ కొంత గడ్డకట్టి అరలు ఇరుకవుతాయి. 1967లో ఫ్రాంకెన్‌స్టైన్, గార్నర్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి సులభమైన సూత్రం ఇచ్చారు. సున్నాకు దిగువన 0.5° నుండి 22.9° వరకు అది వర్తిస్తుంది:

ఉప్పునీటి భాగం (వెయ్యింటికి) = లవణీయత × (49.185 ÷ ఉష్ణోగ్రత + 0.532)

ఇక్కడ ఉష్ణోగ్రతను ఋణగుర్తు లేకుండా తీసుకోవాలి. లవణీయత 5 ఉన్న మంచును తీసుకొందాం. -20° వద్ద ఉప్పునీటి భాగం సుమారు 1.5 శాతం, -5° వద్ద 5.2 శాతం, -2° వద్ద 12.6 శాతం వస్తుంది. కెనడా పరిశోధకులు టిమ్కో, ఓబ్రయన్ అనేక ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించి 1994లో ఇచ్చిన సూత్రంలో ఈ అంకెలను వేస్తే, మంచు పలక వంగి విరగటానికి కావలసిన ఒత్తిడి వరుసగా 0.86, 0.46, 0.22 మెగాపాస్కల్స్ అని తేలుతుంది. అంటే ఒకే మంచు జనవరిలో ఉన్నంత బలంలో నాలుగోవంతు మాత్రమే వసంతం చివర మిగిలి ఉండవచ్చు. చూడటానికి మాత్రం అదే మందం, అదే తెలుపు. మంచు మీద నడిచే మనిషికి గాని, బండి తోలే మనిషికి గాని ప్రమాదం ఇక్కడే ఉన్నది.

5 శాతం అనే అంకెకు మరొక ప్రాముఖ్యం కూడా ఉన్నది. ఉప్పునీటి భాగం అంతకు చేరేసరికి విడివిడిగా ఉన్న అరలు ఒకదానితో ఒకటి కలిసి మంచులో నీరు పారసాగుతుందని గణితశాస్త్రవేత్త కెన్నెత్ గోల్డెన్, అతని సహచరులు 1998లో చూపించారు. లవణీయత 5, ఉష్ణోగ్రత -5°, ఉప్పునీటి భాగం 5 శాతం అన్నీ ఒకచోట కలవటం వలన దీన్ని "ఐదుల నియమం" అంటారు. విద్యార్థులు గుర్తుపెట్టుకోవటానికి ఇంతకంటే అనువైన నియమం ఈ శాస్త్రంలో మరొకటి లేదు.

తొలి పరిశోధకులు

నార్వే దేశీయుడు ఫ్రిజాఫ్ నాన్సెన్ 1893 నుండి 1896 వరకు సాగిన యాత్రలో ఫ్రామ్ అనే ఓడను మంచులో చిక్కుకోనిచ్చి, దానితోపాటే ఆర్కిటిక్ మహాసముద్రంలో కొట్టుకుపోయాడు. కోలిన్ ఆర్చర్ రూపొందించిన ఆ ఓడ అడుగుభాగం గుండ్రంగా ఉండేది. మంచు రెండువైపులా నొక్కినప్పుడు ఓడ నలిగిపోక పైకి లేచేది. మంచును ఎదిరించి నిలబడటం కంటే దాని బలాన్ని పక్కకు మళ్ళించటం మేలు అన్న సూత్రం నేటి చమురు వేదికలకు కూడా పనికివస్తున్నది.

ఆ ప్రయాణంలో మంచు గాలి వీచే దిశకు 20 నుండి 40 డిగ్రీలు కుడివైపుగా సాగటం నాన్సెన్ గమనించాడు. భూభ్రమణమే దీనికి కారణమని ఆయన ఊహించాడు. గణితం ద్వారా దాన్ని నిరూపించే పని వాగ్న్ వాల్‌ఫ్రిడ్ ఎక్‌మాన్ అనే స్వీడన్ విద్యార్థికి దక్కింది. 1902లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఎక్‌మాన్ సమర్పించిన డాక్టరేట్ వ్యాసం దీనిపైనే. గాలి వలన నీటి పొరలు లోతుకు పోయేకొద్దీ దిశ మార్చుకొనే తీరును నేడు ఎక్‌మాన్ సర్పిలం అంటారు. కొట్టుకుపోయే మంచును గురించిన ప్రశ్న ఇలా సముద్రశాస్త్రం మొత్తానికి పునాదిరాళ్ళలో ఒకటయింది.

స్వీడన్‌కే చెందిన ఫిన్ మాల్‌మ్‌గ్రెన్ 1922-25లో మాడ్ ఓడ యాత్రలో మంచు లవణీయతను, ఉష్ణ గుణాలను కొలిచి 1927లో ఆ ఫలితాలను ప్రకటించాడు. మరుసటి ఏడు ఇటాలియా అనే గాలిఓడ కూలినప్పుడు, సహాయం కోసం మంచు మీద కాలినడకన బయలుదేరి ఆ మంచు మీదనే మరణించాడు.

కట్టడాలపై మంచు బలం

కదిలే మంచు పలక నిలువు గోడకు తగిలితే నలిగి పిండి అవుతుంది. ఏటవాలు గోడకు తగిలితే పైకెక్కి, తన బరువుకే వంగి విరుగుతుంది. మంచును నలగగొట్టటానికి కావలసిన బలం కంటే వంచి విరవటానికి కావలసిన బలం చాలా తక్కువ. అందుకనే మంచు ఉన్న నీటిలో స్తంభాలకు నీటిమట్టం వద్ద శంఖువు ఆకారం ఇస్తారు. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతూ 1997లో ప్రారంభమైన 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన స్తంభాలు ఇటువంటివే. ఆ ప్రదేశం ఆర్కిటిక్ కాకపోయినా అక్కడి జలసంధి ప్రతి శీతాకాలం మంచుతో నిండుతుంది.

ప్రయోగశాలలో చిన్న ముక్కను నొక్కి చూసి, ఆ అంకెతో పెద్ద కట్టడానికి లెక్క వేస్తే బలం ఉన్నదానికంటే చాలా ఎక్కువగా వస్తుంది. పెద్ద మంచు పలకలో పగుళ్ళు, లోపాలు ఎక్కువ. కట్టడం వెడల్పంతటా ఒకేసారి తాకదు కూడా. తాకే వైశాల్యం పెరిగేకొద్దీ సగటు ఒత్తిడి తగ్గుతుందని శాండర్సన్ 1988లో ప్రచురించిన గ్రంథంలో ఎన్నో కొలతలను ఒకే పటంపై చూపాడు. ఎందుకు తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది అన్నది ఇప్పటికీ సిద్ధాంత వ్యాసాలకు వస్తువే.

బలం కంటే కంపనం మరింత ప్రమాదకరం కావచ్చు. మంచు నలుగుతున్నప్పుడు ఒత్తిడి పెరగటం, ఒక్కసారిగా తగ్గటం లయగా జరిగితే, ఆ లయ కట్టడం సహజ కంపనంతో కలిసిపోతుంది. అలాస్కాలోని కుక్ ఇన్‌లెట్‌లో 1960లలో నిర్మించిన చమురు వేదికలపై ఇది మొదట స్పష్టంగా కనిపించింది. 1969 శీతాకాలంలో చైనాలోని బోహాయ్ సముద్రంలో మంచు తాకిడికి ఒక చమురు వేదిక కూలిపోయింది. ఫిన్లాండ్ పరిశోధకుడు మౌనో మాట్టానెన్ 1970లలో ఈ కంపనాలకు సిద్ధాంతం రూపొందించాడు. స్వీడన్ తీరాన నోర్‌స్ట్రోమ్స్‌గ్రుండ్ దీపస్తంభానికి ఒత్తిడి పలకలు అమర్చి 1999 నుండి 2003 వరకు సేకరించిన కొలతలపై యూరప్ విద్యార్థులు తరువాతి ఏళ్ళలో కూడా పనిచేశారు.

అన్నిటికంటే ఎక్కువ చర్చకు గురైన ఘటన మోలిక్‌పాక్ వేదికది. ఇసుకతో నింపిన ఈ ఎనిమిది పలకల ఉక్కు పెట్టెను కెనడా బోఫోర్ట్ సముద్రంలో అడుగున నిలిపారు. 1986 ఏప్రిల్ 12న పాత మంచు పలక ఒకటి దాన్ని తాకి నలగసాగింది. వేదిక మొత్తం కంపించింది. ఆ కుదుపులకు లోపలి ఇసుకలో కొంతభాగం నీటితో కలిసి ద్రవంలా మారింది. అదృష్టవశాత్తు మంచు ఆగిపోయింది, వేదిక నిలిచింది. ఆనాటి బలం ఎంత అన్న వాదన మాత్రం దశాబ్దాలపాటు సాగింది. కొలత పలకలు అసలుకంటే ఎక్కువ చూపాయని తరువాతి సమీక్షకులు కొందరు వాదించారు. ఈ వాదన కేవలం పండితుల కాలక్షేపం కాదు. ఆ అంకెను బట్టే ఆ తరువాతి వేదికల గోడల మందం నిర్ణయించవలసి వచ్చింది. మోలిక్‌పాక్‌ను 1998లో రష్యాలోని సఖాలిన్ తీరానికి తరలించి మళ్ళీ వాడుకొన్నారు. మంచు ప్రాంతపు సముద్ర కట్టడాలకు అంతర్జాతీయ ప్రమాణం (ఐ.ఎస్.ఓ. 19906) మాత్రం 2010లో గాని రాలేదు.

సముద్రపు అడుగున

మంచు పలకలు ఒకదానినొకటి గుద్దుకొన్నచోట ముక్కలు పోగై గుట్టలవుతాయి. పైకి కనిపించే గుట్టకంటే నీటి అడుగున ఉండే భాగం చాలా లోతు. గాలికి ఈ గుట్ట కదిలినప్పుడు దాని అడుగుభాగం నాగలిలా సముద్రపు నేలను దున్నుకుంటూ పోతుంది. పైపులైను ఆ దారిలో ఉంటే తెగిపోతుంది. అలాస్కాలో నార్త్‌స్టార్ కృత్రిమ ద్వీపం నుండి 2001లో చమురు రవాణా మొదలైనప్పుడు పైపులను సముద్రపు నేలలో 2 మీటర్లకు పైగా లోతున పూడ్చవలసి రావటానికి ఇదే కారణం.

నదీముఖాల వద్ద మరొక వింత ఉన్నది. వేసవి తొలిరోజులలో నదులు కరిగి వరద వచ్చేనాటికి సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వరదనీరు మంచు పైకెక్కి, దొరికిన రంధ్రం గుండా సుడి తిరుగుతూ కిందికి దూకి, అడుగున గొయ్యి తవ్వుతుంది.

పరిశోధన జరిగే తీరు

ఈ రంగంలో డాక్టరేట్ చేసే విద్యార్థి పని మూడు చోట్ల సాగుతుంది: మంచు మీద, మంచు తొట్టిలో, కంప్యూటరు ముందు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై లాంగియర్‌బీన్‌లో 1993లో ఏర్పడిన విశ్వవిద్యాలయ కేంద్రంలో విద్యార్థులు పాఠాలకంటే ముందు ధ్రువపు ఎలుగుబంట్ల నుండి, పలుచని మంచు నుండి రక్షించుకోవటం నేర్చుకోవాలి. బోలు బరమాతో మంచును నిలువునా తొలిచి కడ్డీని బయటకు తీసి, వెంటనే దానికి వరుసగా రంధ్రాలు వేసి ఉష్ణోగ్రత చూస్తారు. ఆలస్యమైతే ఉప్పునీరు కారిపోయి కొలత పనికిరాదు. కడ్డీని ముక్కలుగా కోసి, డబ్బాలలో కరిగించి లవణీయత కొలుస్తారు. మంచులోనే మూడువైపులా కోసి, నాలుగోవైపు అతికి ఉన్న దూలాన్ని నొక్కి విరిచి బలం తెలుసుకొంటారు.

హాంబర్గ్‌లోను, కెనడాలోని సెయింట్ జాన్స్‌లోను, అమెరికాలోని హానోవర్‌లోను పెద్ద మంచు తొట్లు ఉన్నాయి. నమూనా కట్టడం అసలుదానిలో ముప్పయ్యోవంతు ఉంటే, మంచు మందమే కాక దాని బలం కూడా ముప్పయ్యోవంతు ఉండాలి. అందుకోసం నీటిలో ఉప్పు, యూరియా, ఆల్కహాల్ వంటివి కలిపి బలహీనమైన మంచును తయారు చేస్తారు. మనకు తెలిసిన ఎరువు ఇక్కడ ఇలా అక్కరకు వచ్చింది.

ఒడ్డున ఉండేవారి జ్ఞానం కూడా పరిశోధనలో భాగమే. అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న ఉట్కియాగ్విక్ (2016 వరకు బారో) పట్టణపు ఇనూపియాట్ ప్రజలు వసంతంలో తీరాన్ని అంటిపెట్టుకొన్న మంచు మీద విడిదిచేసి తిమింగలాలను వేటాడతారు. నేలకు తట్టుకొని నిలిచిన మంచు గుట్టలు మేకులవలె ఈ మంచును పట్టి ఉంచుతాయి. 1997 మే నెలలో ఆ మంచు ఒడ్డునుండి విడిపోయి వందమందికి పైగా వేటగాళ్ళతో సముద్రంలోకి సాగింది. హెలికాప్టర్లతో అందరినీ కాపాడారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయం వారు తరువాత అక్కడ రాడార్ అమర్చి మంచు కదలికలను నమోదు చేస్తూ, వేటగాళ్ళ అనుభవంతో పోల్చి చూశారు. ఏ గుట్ట గట్టిగా నిలుస్తుందో పెద్దలు చూపుతో చెప్పేది, రాడార్ చిత్రాలతో చాలావరకు సరిపోతుంది. మంచు ఒక్కసారిగా ఒడ్డెక్కి ఇళ్ళమీదికి రావటాన్ని వారి భాషలో "ఇవూ" అంటారు; ఇంజనీర్లు కూడా ఇప్పుడు ఆ మాటనే వాడుతున్నారు.

మంచు - తీరానికి కవచం

సముద్రం మంచుతో కప్పబడి ఉన్నప్పుడు ఎంత గాలి వీచినా అలలు లేవవు. గాలి ఎంత దూరం తెరచిన నీటిపై వీస్తే అల అంత పెద్దదవుతుంది. మంచు అంచు ఒడ్డుకు దగ్గరలో ఉన్నంతకాలం ఆర్కిటిక్ తీరాలలో పెద్ద అలలు అరుదు. 1963 అక్టోబరులో బారో వద్ద మంచు దూరంగా ఉన్న సమయంలో తుఫాను వచ్చి ఊరిని ముంచింది. సాధారణంగా ఇరవై ఏళ్ళలో కదిలేటంత ఇసుక, గులకరాళ్ళు ఆ ఒక్క తుఫానులో కదిలాయని పరిశోధకులు హ్యూమ్, షాక్ 1967లో లెక్కగట్టారు. ఆనాడు అది అరుదైన విపత్తు.

1979 నుండి ఉపగ్రహాలు ఇచ్చిన కొలతల ప్రకారం, సెప్టెంబరులో మంచు విస్తీర్ణం 1981-2010 సగటుతో పోలిస్తే దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గింది. ఆ ముప్పై ఏళ్ళలో కనిష్ఠ విస్తీర్ణపు సగటు 62 లక్షల చదరపు కిలోమీటర్లు కాగా, 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది. అలాస్కాలోని డ్రూ పాయింట్ వద్ద మంచులేని కాలం 1979 నుండి 2009 లోపల సుమారు 45 రోజుల నుండి 95 రోజులకు పెరిగింది.

ప్రపంచ తీరరేఖలో దాదాపు మూడోవంతు శాశ్వతంగా గడ్డకట్టి ఉండే నేల, అనగా పెర్మాఫ్రాస్ట్. ఈ నేల కోతకు గురయ్యే తీరు ఇతర తీరాలలో కనిపించదు. గోరువెచ్చని అల గట్టు అడుగును కరిగించి గుహలా తొలుస్తుంది. పైభాగం ఇంటి పరిమాణంలో దిమ్మగా విరిగిపడుతుంది. ఆ దిమ్మలో మట్టి తక్కువ, మంచు ఎక్కువ. కనుక అది కొద్దిరోజులలోనే కరిగి కొట్టుకుపోతుంది. మరోచోట అయితే విరిగిపడిన మట్టి కొంతకాలం గట్టుకు అండగా నిలుస్తుంది, ఇక్కడ అదీ మిగలదు. డ్రూ పాయింట్ పరిసరాలలో 60 కిలోమీటర్ల తీరం 1955-79 మధ్య ఏటా సగటున 6.8 మీటర్లు, 1979-2002 మధ్య 8.7 మీటర్లు, 2002-07 మధ్య 13.6 మీటర్లు వెనక్కి జరిగింది. ఆర్కిటిక్ మొత్తం సగటు ఏటా అర మీటరు మాత్రమే అని గమనించాలి. సగటును చూసి ధైర్యపడటానికి గాని, డ్రూ పాయింట్‌ను చూసి అన్ని తీరాలూ ఇంతే అనుకోవటానికి గాని వీలులేదు.

గోడలా, తరలింపా

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2009లో ఇచ్చిన నివేదిక అలాస్కాలో 31 గ్రామాలకు వరద, కోతల వలన ముప్పు దగ్గరపడిందని పేర్కొన్నది. చుక్చీ సముద్రపు దీవిపై ఉన్న షిష్‌మారెఫ్ గ్రామస్థులు 2002లో ఒకసారి, 2016లో స్వల్ప ఆధిక్యంతో మరొకసారి ఊరు మార్చుకోవటానికి ఓటు వేశారు. డబ్బు, స్థలం కుదరక 2025 నాటికి కూడా అక్కడే ఉన్నారు. కివలీనా గ్రామంలో 2006లో కట్టిన రక్షణ గోడ ఆ శరదృతువులోనే తుఫానుకు దెబ్బతిన్నది. తరువాత సైనిక ఇంజనీర్లు బండరాళ్ళతో కట్ట వేశారు. వాతావరణ మార్పుకు చమురు, విద్యుత్ కంపెనీలే బాధ్యులని ఆ గ్రామం 2008లో వేసిన దావా కొట్టివేయబడింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. ఊరివారు తప్పించుకొని మెట్టకు చేరటానికి రహదారి మాత్రం ఏర్పడింది.

ఇటువంటి చోట గోడ కట్టటం ఇంజనీరుకు సులభమైన పని కాదు. పెర్మాఫ్రాస్ట్ తీరాలలో పునాది కరిగితే బండలు కుంగుతాయి. కట్ట ఎత్తుగా ఉంటే అలలను ఆపుతుంది గాని, శీతాకాలంలో ఒడ్డెక్కే మంచు ఆ రాళ్ళను పెకలించవచ్చు. మంచి రాయి చాలాచోట్ల దగ్గరలో దొరకదు. అన్నిటికంటే చిక్కైనది అల ఎత్తు నిర్ణయించటం. మిగతా దేశాలలో గడచిన యాభై ఏళ్ళ రికార్డు చూసి రాబోయే యాభై ఏళ్ళకు అల ఎత్తు అంచనా వేస్తారు. ఇక్కడ గడచిన యాభై ఏళ్ళలో చాలాకాలం అలలే లేవు. కాబట్టి నేటి డాక్టరేట్ విద్యార్థులలో కొందరు మంచు, అల, కరిగే నేల మూడింటినీ ఒకే గణిత నమూనాలో కలిపి లెక్కించటానికి ప్రయత్నిస్తున్నారు.

ఉట్కియాగ్విక్‌లో సుమారు 8 కిలోమీటర్ల పొడవున రాతికట్టు, రహదారి ఎత్తు పెంపు కోసం అమెరికా ప్రభుత్వం 2022లో 36 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. పట్టణ జనాభా ఐదువేలకు అటూ ఇటూ ఉంటుంది. తిమింగలాల వేటకు మంచు మీదికి వెళ్ళే దారులు, పడవలు దించే రేవులు ఆ కట్ట మధ్యనుండే సాగవలసి ఉన్నది.